మిగిలిన పాసమ్‌ల లెక్క

న్యూజీలాండ్ అడవులకు పీడగా మారిన పాసమ్ అనే బొచ్చు జంతువులు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టే పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ఇరవై మీటర్లకు ఒకటి చొప్పున, వరుసకు పది ఉచ్చులు చెట్ల మొదళ్ల దగ్గర అమరుస్తారు. ఐదు పాళ్ల గోధుమపిండిలో ఒక పాలు మెత్తని పంచదార పొడి కలిపి, ఉచ్చుకు కాస్త పైన మాను మీద చారగా పూస్తారు. చీకట్లో తెల్లగా కనిపించే ఆ చార, దాని తీపి వాసన జంతువును చెట్టు దగ్గరికి రప్పిస్తాయి. వాన లేని మూడు రాత్రులు ఉచ్చులను అలాగే ఉంచి, ప్రతి ఉదయం వెళ్లి ఎన్ని పడ్డాయో రాసుకుంటారు. పది ఉచ్చులు మూడు రాత్రులు ఉన్నాయి కాబట్టి ఒక వరుసకు ముప్ఫై ఉచ్చు-రాత్రులు. అటువంటి వరుసలు అనేకం వేసి, నూరు ఉచ్చు-రాత్రులకు సగటున ఎన్ని పాసమ్‌లు పడ్డాయో లెక్కిస్తారు. ఆ శాతాన్ని అక్కడి వారు ‘మిగులు పట్టుబడి’ అన్న అర్థం వచ్చే మాటతో వ్యవహరిస్తారు. విషం చల్లినా, వేటాడినా, ఆ పని పూర్తయ్యాక తీసే లెక్క ఇది. ఎన్ని చచ్చాయన్న సంగతి ఇందులో ఎక్కడా ఉండదు, ఎన్ని బతికి ఉన్నాయన్నదే ఉంటుంది. ఈ తేడా తెలిసి రావడానికి ఆ దేశానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

ఇక్కడ చెప్పుకుంటున్నది ఆస్ట్రేలియాకు చెందిన బ్రష్‌టెయిల్ పాసమ్ గురించి. అమెరికాలో అపాసమ్ అని పిలిచే జంతువు వేరు, ఇది వేరు. కంగారూ మాదిరిగానే పిల్లను పొట్టకు ఉన్న సంచిలో పెంచే జాతి, పెద్ద పిల్లి అంత ఉంటుంది, సాధారణంగా రెండు మూడు కిలోలు తూగుతుంది. పగలంతా చెట్టు తొర్రలోనో గుబురులోనో పడుకుని, పొద్దుగూకాక బయటికి వస్తుంది. తోక కుచ్చులా ఉంటుంది, ఒంటి నిండా దట్టమైన బొచ్చు. ఆ బొచ్చే దాన్ని సముద్రం దాటించింది. బొచ్చు వ్యాపారం పెంచుకోవాలన్న ఆశతో ఆస్ట్రేలియా నుంచి పాసమ్‌లను న్యూజీలాండ్‌కు తేవడం 1837లో మొదలైంది. ఆ తొలి ప్రయత్నం ఫలించలేదు. 1858లో దక్షిణ దీవి కొసన, రివర్టన్ దగ్గర వదిలినవి మాత్రం నిలదొక్కుకున్నాయి. ఆ తర్వాత ‘అక్లిమటైజేషన్ సొసైటీ’లనే సంఘాలు టాస్మానియా నుంచి, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం నుంచి మరిన్ని తెప్పించి దేశమంతటా వదిలాయి. బ్రిటన్ నుంచి వచ్చి స్థిరపడినవారు కొత్త దేశాన్ని తమకు నచ్చిన జీవులతో నింపుకోవడానికి పెట్టుకున్న సంఘాలివి. పురుగులను తింటుందని మన గోరింకను 1870లలో అక్కడికి చేర్చినవీ ఇవే. గోరింక ఇప్పుడు ఉత్తర దీవిలో ఊరూరా కనిపిస్తుంది, దాన్నీ అక్కడి వారు పీడగానే చూస్తారు. మావోరీ భాషలో పాసమ్‌కు ‘పైహము’ అన్న పేరు ఏర్పడింది. మనిషి అడుగు పడకముందు గబ్బిలాలు తప్ప మరో నేల క్షీరదమే లేని దేశంలో దానికి పాత పేరు ఉండే అవకాశమే లేదు.

సొంత దేశంలో ఈ జంతువు ఎవరికీ పెద్ద బెడద కాదు. అక్కడ డింగో కుక్కలున్నాయి, కార్చిచ్చులున్నాయి, తొర్రల కోసం, మేత కోసం పోటీపడే ఇతర జీవులున్నాయి. యూకలిప్టస్ ఆకుల్లో నూనెలు, విషాలు ఎక్కువ కాబట్టి ఒకే చెట్టు ఆకును పొట్ట నిండా మేయడం కుదరదు. న్యూజీలాండ్‌లో ఈ అడ్డంకులేవీ లేవు. ఆకుమేసే క్షీరదాన్ని ఎన్నడూ ఎరుగని అక్కడి చెట్లకు ఆత్మరక్షణ తక్కువ. రాటా, కామహీ, టోటారా, పొహుటుకావా చెట్లు, స్థానిక బదనికలు పాసమ్‌కు ఇష్టమైన మేత. పాసమ్ ఏ చెట్టు పడితే ఆ చెట్టు మేయదు. నచ్చిన చెట్టుకే రాత్రి తర్వాత రాత్రి తిరిగివచ్చి, చిగురు వేసినప్పుడల్లా తినేస్తుంది. కొన్నేళ్లకు ఆ చెట్టు పైకొమ్మలు బోడివై, చివరికి చెట్టే ఎండిపోతుంది. పచ్చని కొండవాలు మీద అక్కడక్కడా బూడిదరంగు మోడులు నిలబడి ఉంటే, నష్టం ఏ చెట్లకు జరిగిందో దూరం నుంచే తెలుస్తుంది.

ఆకులతోనే ఆగి ఉంటే ఈ సమస్య ఇంత దూరం వచ్చేది కాదేమో. చాలాకాలం పాసమ్‌ను శాకాహారిగానే భావించారు. 1993లో కొకాకో పక్షి గూళ్ల దగ్గర అమర్చిన కెమెరాలు, అది గుడ్లను, పిల్లలను తినడం చిత్రీకరించాయి. అప్పటివరకు ఎలుకల మీద, స్టోట్‌లనే ముంగిసలాంటి చిన్న వేటజంతువుల మీద వేసిన నేరంలో కొంత భాగం పాసమ్‌కు చెందుతుందని అప్పుడే స్థిరపడింది.

అధికారిక వైఖరి మారిన తీరు కూడా ఆసక్తికరంగా ఉంటుంది. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా కళాశాల ఆచార్యుడు హ్యారీ కర్క్ 1920లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, పాసమ్ వల్ల అడవికి కలిగే నష్టం స్వల్పమని, బొచ్చు మీద వచ్చే ఆదాయం దానికి మించినదని తేల్చి, పండ్లతోటలకు దూరంగా ఉన్న అడవుల్లో వాటిని ఇంకా వదలవచ్చని సూచించారు. ఆయన చూసిన అడవుల్లో అప్పటికి నష్టం కంటికి ఆనేంత లేకపోయి ఉండవచ్చు. వందల ఏళ్లు బతికే చెట్టు ఎండడానికి పట్టే కాలం ఒక నివేదిక రాయడానికి పట్టే కాలం కంటే ఎక్కువ. 1940ల రెండో సగానికి వచ్చేసరికి చట్టం పూర్తిగా తలకిందులైంది. పాసమ్‌కు ఉన్న రక్షణ రద్దయింది, వాటిని కొత్తచోట వదలడం, ఉంచుకోవడం నేరమయ్యాయి.

తర్వాత 1951లో, చంపిన పాసమ్‌కు ఇంత అని ప్రభుత్వం బహుమతి ప్రకటించింది. పదేళ్లపాటు లక్షల సంఖ్యలో పాసమ్‌లను చంపారు. చచ్చినవాటిని లెక్కపెట్టే విధానం ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ దొరకదు. డబ్బు తలకు ఇంత అన్నప్పుడు వేటగాడు తక్కువ శ్రమతో ఎక్కువ తలలు దొరికే చోటికే పోతాడు, అందులో అతని తప్పేమీ లేదు. దారుల పక్కన, పొలాల అంచున, అడవి మొగదల వేట జోరుగా సాగింది. అసలు కాపాడుకోవలసిన లోపలి కొండ అడవుల జోలికి ఎవరూ పోలేదు. ఒకచోట జంతువులు పలచబడగానే వేటగాడు ఇంకోచోటికి మారేవాడు, పాతచోట మిగిలినవి మళ్లీ పుంజుకునేవి. 1961లో ఆ పథకాన్ని ఎత్తేశారు.

పుంజుకోవడం అన్న మాటను కొంచెం దగ్గరగా చూడాలి. ఆడ పాసమ్ సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. గర్భం పదిహేడు పద్దెనిమిది రోజులే, ఆ తర్వాత నాలుగైదు నెలలు పిల్ల సంచిలో ఉంటుంది. ఎలుకతో పోలిస్తే ఇది చాలా మందకొడి సంతతి. అయినా మేత పుష్కలంగా ఉండి సంఖ్య తక్కువగా ఉన్నచోట ఏడాదికి పావువంతు పెరుగుతాయనుకుంటే, నూటికి తొంభై చంపిన తర్వాత మిగిలిన పది మూడేళ్లలో ఇరవై, ఆరేడేళ్లలో నలభై అవుతాయి. పక్క అడవి నుంచి వలస వచ్చే కుర్ర పాసమ్‌లను ఇందులో కలపలేదు. కాబట్టి తొంభై శాతం విజయం సాధించినా, దాన్ని నిలబెట్టుకోవాలంటే ప్రతి కొన్నేళ్లకూ అదే ఖర్చు మళ్లీ పెట్టాలి. నియంత్రణ అన్నది పశువుల కొట్టం ఊడ్చే పనిలాంటిది, ఈరోజు ఊడ్చాం కదా అని రేపు మానేయడానికి లేదు.

సంఖ్యల విషయంలో ప్రచారం కూడా గందరగోళం చేసింది. 1980లలో దేశంలో ఏడు కోట్ల పాసమ్‌లున్నాయని, అవి రాత్రికి 21,000 టన్నుల ఆకు మేస్తున్నాయని చెప్పేవారు. రెండో అంకె మొదటి దాని నుంచి పుట్టిందే, తలకు 300 గ్రాముల చొప్పున హెచ్చవేస్తే అంతే వస్తుంది. 2009లో మళ్లీ లెక్కగట్టినప్పుడు సుమారు మూడు కోట్లన్న అంచనా వచ్చింది, ఏ నియంత్రణా లేకపోయినా దేశం మోయగలిగేది ఐదు కోట్ల లోపేనని కూడా తేలింది. ఏడు కోట్ల అంకె మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది. పెద్ద అంకె భయపెట్టడానికి పనికొస్తుంది, పథకం వేయడానికి పనికిరాదు.

పథకం వేయడం నేర్పింది అడవి కాదు, పశువుల పాక. 1967లో దక్షిణ దీవి పశ్చిమ తీరంలో ఒక పాసమ్‌లో పశువుల క్షయవ్యాధి కనిపించింది. అప్పటికే ఆ దేశం పశువులకు పరీక్షలు చేసి, రోగమున్నవాటిని వధించి, వ్యాధిని తగ్గించుకుంటూ వస్తోంది. కొన్ని ప్రాంతాల్లో మాత్రం ఎన్నిసార్లు మందను శుభ్రం చేసినా రోగం తిరిగి వచ్చేది. కారణం పచ్చికబయళ్ల అంచునే ఉంది. క్షయ ముదిరిన పాసమ్‌కు దిక్కు తెలియదు. రాత్రి తిరగవలసిన జంతువు పట్టపగలు బయట పడి, పచ్చిక మీద తూలుతూ కూలబడుతుంది. ఆవులకు, పెంపుడు జింకలకు కుతూహలం ఎక్కువ. తమ మేతలో కదలలేక పడి ఉన్న ఆ వింత జీవి చుట్టూ మూగి, దాన్ని వాసన చూస్తాయి, ముక్కుతో పొడుస్తాయి, కొన్ని నాకుతాయి. మందలోకి రోగం వచ్చే దారి అదే. పాలు, మాంసం ఎగుమతుల మీద బతికే దేశానికి ఇది ఎంత పెద్ద ముప్పో వివరించనక్కరలేదు. 1990ల మధ్య నాటికి వ్యాధి సోకిన మందల సంఖ్య 1,700 దాటింది.

క్షయ సమస్యలో ఉన్న ఒక వెసులుబాటు అడవి సమస్యలో లేదు. వ్యాధి పాసమ్ నుంచి పాసమ్‌కు పాకుతూ నిలవాలంటే వాటి సాంద్రత ఒక హద్దుకు పైన ఉండాలి. ఆ హద్దు కంటే కిందికి దించి, అన్నిచోట్లా సమానంగా, కొన్నేళ్లపాటు అక్కడే ఉంచగలిగితే పాసమ్‌లు బతికుండగానే వాటిలోని క్షయ దానంతట అదే అంతరిస్తుంది. మిగులు పట్టుబడి రెండు శాతం దాటకూడదన్న లక్ష్యం వెనక ఉన్న తర్కం ఇదే. ఇక్కడ ‘సమానంగా’ అన్న మాటకు చాలా బరువుంది. సగటు రెండు శాతమే ఉన్నా, ఒక లోయలో మాత్రం పాసమ్‌లు గుంపుగా మిగిలితే రోగం ఆ గుంపులో దాక్కుంటుంది. అందుకే కాంట్రాక్టర్‌కు చచ్చిన జంతువుకు ఇంత అని కాకుండా, పని ముగిశాక వేరేవాళ్లు వచ్చి ఉచ్చులు పెట్టి చూసే మిగులు పట్టుబడి ఫలానా శాతానికి లోపుంటేనే డబ్బు అన్న పద్ధతి వచ్చింది. బహుమతి పథకం చేసిన తప్పును సరిదిద్దింది ఈ ఒప్పంద షరతే. వ్యాధి సోకిన మందలు ఇప్పుడు పదుల సంఖ్యకు దిగాయి. 2013లో ఏర్పడిన ఓస్ప్రి సంస్థ నడిపే ఈ కార్యక్రమానికి 2016లో సవరించిన ప్రణాళిక మూడు గడువులు పెట్టింది. 2026కు మందల్లో, 2040కి పాసమ్‌లలో, 2055కు దేశమంతటా క్షయ లేకుండా చేయాలన్నది దాని ఉద్దేశం.

ఇదంతా సాధించిన ప్రధాన ఆయుధం 1080 అనే విషం, రసాయన నామం సోడియం ఫ్లోరోఅసిటేట్. 1950ల మధ్య నుంచి న్యూజీలాండ్ దీన్ని వాడుతోంది. ప్రపంచంలో తయారయ్యే 1080లో అత్యధిక భాగం అక్కడే ఖర్చవుతుంది. కణం ఆహారాన్ని శక్తిగా మార్చుకునే చక్రాన్ని ఇది మధ్యలో ఆపేస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని మొక్కలు ఇదే విషాన్ని సహజంగా తయారుచేసుకుంటాయి. ఆ మొక్కల మధ్య తరతరాలుగా బతికిన అక్కడి పాసమ్‌లు దీన్ని చాలావరకు తట్టుకోగలవు. న్యూజీలాండ్‌కు తెచ్చినవి టాస్మానియా, ఆగ్నేయ ఆస్ట్రేలియా జంతువులు కావడం వల్ల వాటికి ఆ శక్తి లేదు. నూట యాభై ఏళ్ల కిందట ఓడలు వేరే రేవు నుంచి బయల్దేరి ఉంటే కథ మరోలా ఉండేది.

విషాన్ని చల్లే విధానం మొదట్లో మోటుగా ఉండేది. క్యారెట్లు కోసి, హెక్టారుకు పది కిలోలకు మించి విమానం నుంచి చల్లేవారు. ముక్కలతోపాటు సన్నని తురుము కూడా రాలేది. తురుము తిన్న పాసమ్ చావకుండా జబ్బుపడి, ఆ తర్వాత ఆ రకం ఎరను ముట్టేదే కాదు. ఆ తురుమే చిన్న పక్షులను మాత్రం చంపేది. ఇప్పుడు ధాన్యపు పిండితో ఆరు నుంచి పన్నెండు గ్రాముల గుళికలు చేసి, ఆకుపచ్చ రంగు కలిపి, దాల్చినచెక్క వాసన పట్టించి, హెక్టారుకు కిలో రెండు కిలోలు మాత్రమే హెలికాప్టర్‌తో వేస్తారు. గుళికలో విషం 0.15 శాతం. అంటే పన్నెండు గ్రాముల గుళికలో 18 మిల్లీగ్రాములు, ఒక పాసమ్‌కు అది చాలు. దానికి కొన్ని రోజుల ముందు విషం లేని అవే గుళికలు చల్లి అలవాటు చేస్తారు. ఈ ముందస్తు మేపు ఖర్చుగా కనిపించినా, అనుమానంతో ముట్టకుండా మిగిలిపోయే వాటిని తగ్గించేది అదే.

వ్యతిరేకత తక్కువేమీ లేదు, అందులో కొంత న్యాయమూ ఉంది. కుక్కలకు 1080 అతి ప్రమాదకరం, విషం తిని చచ్చిన కళేబరాన్ని కొరికినా ప్రాణం పోతుంది. అడవి జింకలు చస్తాయని వేటగాళ్ల కోపం. దానికోసం జింకలు ఇష్టపడని పూత ఉన్న గుళికలు వాడతారు, అవి ఖరీదెక్కువ. కొండల్లో ఉండే కెయా చిలుకల మరణాలు నమోదయ్యాయి. మనుషులు తిరిగే చోట్ల చెత్త ఏరుకు తినడం మరిగిన కెయాలకు ముప్పు ఎక్కువని తేలింది. అయితే స్టోట్‌లు తగ్గినచోట అవే కెయాల గూళ్లలో ఎక్కువ పిల్లలు బతుకుతున్నాయి. తమ నేల మీద, నీటి మీద ఆకాశం నుంచి విషం రాలడం మావోరీలలో అనేకులకు మింగుడుపడని విషయం, దానికి రసాయన శాస్త్రం ఇచ్చే జవాబు సరిపోదు. 2014 చివర్లో, వాడకం ఆపకపోతే పసిపిల్లల పాలపొడిలో 1080 కలుపుతామన్న బెదిరింపు లేఖలు కూడా వచ్చాయి, ఆ నేరానికి ఒక వ్యక్తికి జైలుశిక్ష పడింది. పర్యావరణ వ్యవహారాల పార్లమెంటరీ కమిషనర్ జ్యాన్ రైట్ 2011లో ఇచ్చిన నివేదిక, ఈ విషం నేలలో, నీటిలో విచ్ఛిన్నమవుతుందని, మనుషులు నడిచి చేరలేని అడవులకు దీనికి సాటివచ్చే ప్రత్యామ్నాయం లేదని, వాడకం ఇంకా పెంచాలని చెప్పింది. లభ్యమైన ఆధారాలను బట్టి ఆ నిర్ణయం సబబే. కాకపోతే కాలినడకన వెళ్లి ఉచ్చులు పెట్టగలిగిన పొలాల అంచుల్లోనూ గాలి నుంచే చల్లడం తేలికదారి పట్టడమే అవుతుంది.

విషానికి బదులు బొచ్చు వ్యాపారాన్నే పెంచితే అడవీ బాగుపడుతుంది, ఉపాధీ దొరుకుతుంది అన్న వాదన తరచూ వినిపిస్తుంది. పాసమ్ బొచ్చు లోపల బోలుగా, తేలికగా, వెచ్చగా ఉంటుంది. మెరినో ఉన్నితో కలిపి నేసిన చేతి తొడుగులు, స్వెటర్లు ఆక్లాండ్ వెళ్లివచ్చిన మనవాళ్ల సంచుల్లోనూ కనిపిస్తాయి. పర్యావరణానికి మేలు చేసే ఉన్ని అని దుకాణాల్లో చెబుతారు. అందులో అబద్ధం లేదు కానీ అది సగం నిజమే. రోజుకు పట్టిన పాసమ్‌ల విలువ అతని కూలికి, పెట్రోలుకు సరిపోనంతగా పడిపోయిన రోజున వేటగాడు ఆ అడవిని వదిలేస్తాడు. ఆ స్థాయి క్షయ ఆగే హద్దుకు గానీ, రాటా చెట్టు కోలుకునే హద్దుకు గానీ చాలా పైనే ఉంటుంది. పైగా వచ్చే ఏడాదీ అతనికి పాసమ్‌లు కావాలి. పంటను ఎవరూ నిర్మూలించుకోరు.

నిర్మూలన సాధ్యమేనని దీవులు చూపించాయి. వెల్లింగ్టన్‌కు ఉత్తరాన సుమారు రెండు వేల హెక్టార్ల కాపిటి దీవిలో 1980 నుంచి 1986 దాకా ఉచ్చులతో, చివర్లో శిక్షణ ఇచ్చిన కుక్కలతో 22,500 పాసమ్‌లను తొలగించారు. అప్పటి నుంచి అక్కడ ఒక్కటి లేదు. చుట్టూ సముద్రం ఉంది కాబట్టి కొత్తవి రాలేదు. ప్రధాన భూభాగంలో ఆ సముద్రానికి బదులు ఏముంది అన్నదే ‘ప్రిడేటర్ ఫ్రీ 2050’ ఎదుర్కొంటున్న ప్రశ్న. శాస్త్రవేత్త పాల్ కాలహాన్ 2012లో ముందుకు తెచ్చిన ఆలోచనను 2016 జూలైలో ప్రధాని జాన్ కీ ప్రభుత్వం జాతీయ లక్ష్యంగా ప్రకటించింది. ఎలుకలు, స్టోట్ జాతి, పాసమ్‌లు 2050 నాటికి దేశంలో ఉండకూడదన్నది దాని సారాంశం. దక్షిణ దీవిలోని పెర్త్ లోయలో ‘జీరో ఇన్వేసివ్ ప్రిడేటర్స్’ సంస్థ నదులనే గోడలుగా వాడి చూసింది. చల్లని, వడిగా పారే కొండ నదిని పాసమ్ తేలికగా దాటదు. లోపల విషంతో ఖాళీ చేసి, మిగిలిన చోట్ల కెమెరాలు, బ్యాటరీతో నడిచే ఎర డబ్బాలు పెట్టారు. ఆ డబ్బా ఉచ్చు దగ్గర రోజూ కాస్త తాజా మయొనైజ్‌ను బయటికి తోస్తుంది, దాంతో మనిషి నెలల తరబడి అక్కడికి వెళ్లకపోయినా ఎర ఎండిపోదు. వెయ్యి పాసమ్‌లను చంపడానికి అయిన ఖర్చు చివరి పదింటికీ అవుతుందన్న పాత అనుభవానికి విరుగుడు ఇలాంటి చిన్న పరికరాల్లోనే వెతుకుతున్నారు.

జీవ నియంత్రణ మీద కూడా చాలా డబ్బు, కాలం వెచ్చించారు. పాసమ్‌లలో సంతానం కలగకుండా చేసే టీకాల మీద 1990ల నుంచి పరిశోధనలు జరిగాయి, టీకాను పరాన్నజీవి ద్వారా వ్యాపింపజేయవచ్చా అని చూశారు. పని ఫలించకముందే ఆగిపోయింది. ఫలించి ఉంటే మరో చిక్కు వచ్చేది. అదే జంతువు టాస్మన్ సముద్రానికి అవతల చట్టం రక్షించే స్థానిక జీవి, ఉత్తర ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల దాని సంఖ్య తగ్గిపోతోంది కూడా. దానంతట అది పాకే సాధనం ఓడ ఎక్కి ఆస్ట్రేలియా చేరితే జవాబుదారీ ఎవరన్న ప్రశ్న, 2023లో వెలువడిన పాసమ్ జన్యుపటంతో మళ్లీ మొదలైన జన్యు సాంకేతిక చర్చలకూ వర్తిస్తుంది.

ఒక లోయలో పాసమ్ లేదని ఎప్పుడు చెప్పవచ్చు అన్నది చివరికి మిగిలే చిక్కు. ఉచ్చులో ఏదీ పడకపోతే మిగులు పట్టుబడి సున్నా అవుతుంది కానీ, సున్నా అంటే లేవనే కాదు, దొరకలేదని కూడా అర్థం. అందుకని అరచేతి వెడల్పు ప్లాస్టిక్ అట్టముక్కల గాడుల్లో వేరుశనగ వెన్న కూరి, చెట్లకు మేకులతో కొట్టి వదులుతారు. కొన్ని రోజుల తర్వాత వాటిని విప్పి, పంటి గాట్లు చదువుతారు. ఎలుక గాట్లు సన్నగా, జంటగా ఉంటాయి. పాసమ్ కొరికితే అట్ట వెడల్పుగా నలిగిపోతుంది. వందల అట్టల్లో అన్నీ ఎలుక గాట్లే ఉండి, ఒకే ఒక్క అట్ట మూల నలిగి కనిపిస్తే, ఆ చెట్టు చుట్టూ కుక్కలతో, కెమెరాలతో మళ్లీ వెతుకులాట మొదలవుతుంది.